ఏటి యొడ్డున నొక యాదివారము

అనంతపురపు సీమకు కరువుసీమ యని పేరు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనము మమ్ము చేరుసరికి తడి తరిగి వట్టి గాలియై వచ్చును. తూర్పు సముద్రమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనము దారిలోనే అలసిపోవును. రెండును గలిసి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన నిచ్చుటయే మాకు గొప్ప. అదియు వేరుసెనగ యూడలు దిగునప్పుడు రాక, కాయలు పెరికి ఆరవేసినప్పుడు వచ్చుట కలదు.

మా నదులును ఈ లెక్కకు తగినవే. చిత్రావతి కన్నడ దేశమునందలి చిక్కబళ్ళాపురము ప్రాంతపు కొండలలో పుట్టి, బాగేపల్లి మీదుగా మా సీమ ప్రవేశించి, పుట్టపర్తిని, ధర్మవరమును దాటి, కడప జిల్లాలో పెన్నను కలియును. పటములో నిది నీలిగీత. కంటికి ఇసుక బాట. ఏడాదిలో ఎక్కువ దినములు పసులు దానిలో నడచిపోవును, పిల్లలు దానిలో ఆటలాడుదురు. మా యత్తగారు కాపురమునకు వచ్చిన కొత్తలో వేసవియందు తెల్లవారుజామున లేచి, ఆ యిసుకలో చెలమ త్రవ్వి, కొబ్బరిచిప్పతో ఊటనీరు ముంచి ముంచి కడవ నింపుకొని వచ్చెడివారట. ఒక కడవ నిండుటకు పట్టు కాలములో ఇప్పుడు నేను బడిలో ఒక పాఠము ముగింపగలను.

ఇట్టి యేరు 2021వ సంవత్సరము నవంబరు నెలలో ఒడ్డులు తెలియకుండ పారినది. 18, 19 తేదీలలో కురిసిన వానకు చెరువులు నిండి మరవలు పారినవి. వంకలన్నియు వచ్చి యేటిలో పడినవి. పుట్టపర్తిలో పల్లపు వీథులలోనికి నీరు వచ్చినది. చెన్నేకొత్తపల్లి మండలములోని వెల్దుర్తి యొద్ద వరదలో చిక్కుకొని, మట్టి త్రవ్వు యంత్రముమీది కెక్కి నిలిచిన పదిమందిని 19వ తేదీన వైమానికదళము వారు హెలికాప్టరుతో వచ్చి కాపాడిరి. నీటికై మ్రొక్కులు మ్రొక్కిన సీమలో నీటినుండి మనుష్యులను ఆకాశమార్గమున నెత్తుకొని పోవలసివచ్చినది. ఆ వార్త విని మా వీథిలోని ముసలివారు నవ్వవలయునో ఏడ్వవలయునో తెలియక యూరకుండిరి.

నేను చెప్పబోవునది ఆ తరువాతి యాదివారపు సంగతి. ధర్మవరమునకు ఆమడ దూరములో మా పల్లె. మా యిల్లు మెరకమీద నున్నది. పెరటికిని ఏటికిని నడుమ రెండు మళ్ళు. అందులో దిగువమడి మునిగినది, ఎగువమడి మిగిలినది. మాకు ప్రాణభయము లేదు. వాన వెలిసినది గాని మబ్బు విడలేదు. కరెంటు శుక్రవారమే పోయినది. టెలివిజను లేదు, ఫోనులు చచ్చినవి, బస్సు రాలేదు, పొరుగింటి మగ్గము గుంటలో నీరూరుటచే ఆ చప్పుడును లేదు. ఏటి చప్పుడు మాత్రము, ఎవరో పెద్ద విసుర్రాయి ఆపక త్రిప్పుచున్నట్లు, ఇల్లంతయు నిండియుండెను. బడిపంతులమ్మనగు నాకు ఆదివారమే యిల్లు చూచుకొను దినము. ఇంత నెమ్మదియైన యాదివారము నే నెరుగను.

ప్రొద్దున ఉగ్గాని చేసి పెట్టితిని. తినిన వెంటనే మా వారును, పదునాలుగేండ్ల మా యబ్బాయియు ఏటి గట్టునకు పోయిరి. ఊరిలోని మగవారందరు అక్కడనే యుండిరి. ఏ రాయి మునిగినది, ఏ రాయి తేలినది, కొట్టుకొనివచ్చు తుమ్మచెట్టు ఎవరి చేనిది, వరద పెరుగునా తీయునా అని గంటలకొలది లెక్కలు సాగినవి. దీనిని నేను తప్పుపట్టను. ఏండ్ల తరబడి ఇసుకను చూచిన కండ్లు నీటిని చూచి తనివితీరుట ఎట్లు?

ఇంటిలో నున్న పని వేరు. పెరికిన చెనిక్కాయలు మూడవ వంతు తడిసినవి. తడిసిన కాయను కుప్పగా నుంచిన మొలకెత్తును, లేనిచో బూజు పట్టును. కావున నడవలోను, వంటింటిలోను, మంచముల క్రిందను పలుచగా పరచి, గడియ కొకమారు కలియబెట్టుచుండవలెను. కరెంటు లేనందున కొళాయి రాలేదు. పెరటి కవతల నది నిండ నీరు. వంటింటిలో బిందె వట్టిది. ఆ యెఱ్ఱని బురదనీరు పసులకైనను పనికిరాదు. త్రాగునీటికి మూడు వీథుల కవతల నున్న చేతిబోరింగే గతి. నేనును, పదియేండ్ల మా యమ్మాయియు బిందెలు తీసికొని పోతిమి. అక్కడి వరుసలో ముప్పదిమందికి తక్కువ లేరు. అందరు ఆడువారు, ఆడుపిల్లలు. చంకలో బిడ్డ నెత్తుకొన్నవారు, ఏడవ నెల గర్భిణి, ఎనుబదేండ్ల ముదుసలి. మగవాడొక్కడు లేడు.

రెండు మారులు తెచ్చిన పిమ్మట నేను గట్టునకు పోయి మా వారితో, "ఏరు మీరు చూడకున్నను పారును. బోరింగు మాత్రము కొట్టనిది పారదు" అంటిని. ఆయన నవ్వి, పంచె ఎగగట్టి వచ్చిరి. అబ్బాయి తోటిపిల్లల యెదుట బిందె పట్టుకొనుటకు సిగ్గుపడి తల వంచుకొనియే వచ్చెను. వరుసలోని వారు కొందరు మూతికి కొంగు అడ్డము పెట్టుకొనిరి. "మగవారికి బోరింగు దోవ తెలియునా?" అని ఒకామె హాస్యమాడినది. అయినను తండ్రికొడుకులు నాలుగు మారులు తిరిగి ఇంటికి కావలసిన నీరంతయు తెచ్చిరి. వారిని చూచి మరి యిద్దరు మగవారు వచ్చిరి. తక్కినవారు రాలేదు.

కొడుకు బిందె దింపుచుండగా మా యత్తగారు ముఖము త్రిప్పుకొనిరి. ఆమె చెడ్డది కాదు. నేను ఉద్యోగమునకు పోవుటకు ఊరివారు మూతులు విరిచిన దినములలో నా పసిబిడ్డలను ఒడిలో వేసికొని పెంచినది ఆమెయే. కాని తాను మోసిన కడవను కొడుకు మోయుట ఆమెకు కంటికింపుగా తోపలేదు. మధ్యాహ్నము సంగటియు ఊరుబిండియు తిని అందరము నడవలో చెనిక్కాయలు కలియబెట్టుచుండగా, మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, నా వంక చూచుచు, ముసలమ్మ కథ యెత్తుకొనిరి.

ఆ కథ మా సీమలో ఎరుగనివారు లేరు. అనంతపురము ప్రక్కన బుక్కరాయసముద్రము చెరువున్నది. వానలు మితిమీరి ఒకమారు ఆ చెరువుకట్టకు గండి పడబోయినదట. బసిరెడ్డి కడగొట్టు కోడలు ముసలమ్మను బలియిచ్చినగాని కట్ట నిలువదని దేవతవాక్కు వినవచ్చినదట. పేరు ముసలమ్మయైనను ఆమె పడుచు. అత్తమామలకు మ్రొక్కి, భర్త యొద్ద సెలవు పుచ్చుకొని, పసుపు కుంకుమలతో ఆ గండిలో నిలిచి నీటి పాలైనదట. కట్ట నిలిచినది, ఊరు బ్రతికినది. నేటికిని ఆ కట్టమీద ఆమెకు పూజలు జరుగుచున్నవి.

"కోడలనిన అట్లుండవలె నమ్మీ" అని అత్తగారు ముగించిరి.

మా యమ్మాయి కొంతసేపు కాయలు కలియబెట్టుచు ఊరకుండి, "కట్ట తెగునని ముందుగా ఎవరును చూడలేదా, అవ్వా?" అని అడిగెను.

అత్తగారు వెంటనే బదులు చెప్పలేదు. చాలసేపటికి, "చూచుటకు నీరుగంటి యుండెడివాడు. వా డేమి చేసినాడో కథలో లేదు" అనిరి. పిదప ఆమెయే తన పుట్టినూరి నీరుగంటిని గూర్చి చెప్పసాగిరి. వానరాత్రులలో గోనెసంచి కప్పుకొని, లాంతరు, పార తీసికొని కట్ట ఈ కొననుండి ఆ కొనదాక తిరిగెడివాడట. ఎండ్రకాయ బొక్కనుండి సన్నని చెమ్మ కనబడినను ముండ్లకంపయు బంకమట్టియు కూరి త్రొక్కెడివాడట. కోతలనాడు కళ్ళమువద్ద ప్రతి రైతును వానికి మేర కొలిచెడివాడట. "వాడు బ్రతికియున్నంతకాలము మా చెరువు తెగలేదు" అని ఆమె చెప్పిరి. "వానికి గుడి కట్టినారా?" అని పిల్ల అడిగెను. "నీరుగంటికి గుడి యెవరు కట్టుదురే!" అని ఆమె నవ్విరి.

ఆ నవ్వు నన్ను ఆలోచింపజేసినది.

ముసలమ్మను నేను తక్కువచేసి చెప్పుటలేదు. పరుల ప్రాణములకై తన ప్రాణ మిచ్చిన దని లోకము నమ్మిన స్త్రీకి చేతులెత్తి మ్రొక్కుట న్యాయమే. బ్రౌను ప్రకటించిన అనంతపుర చరిత్రము నుండి ఈ కథను గ్రహించి, కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థి దశలోనే, 1899 ప్రాంతమున, ‘ముసలమ్మ మరణము’ అను కావ్యము వ్రాసెను. రాజులను, దేవతలను విడిచి పల్లెటూరి కాపుటింటి కోడలిని నాయికగా చేసికొనుట ఆ కాలమున గొప్ప సాహసము. ఈ కథ మా సీమకే చెందినదియు కాదు. కన్నడ దేశములో ‘కెరెగె హార’ యను జానపద గీతమున భాగీరథి యను కడగొట్టు కోడలు చెరువునకు బలియగును. సెర్బియా దేశపు పాటలో స్కదర్ కోట గోడ నిలుచుటకై ముగ్గురన్నదమ్ములలో కడపటివాని భార్యను గోడలో నిలిపి కట్టుదురు. రుమేనియా దేశపు మనోలె యను శిల్పి తన భార్యనే గోడలో నుంచి కట్టుట మరియొక గాథ.

ఈ కథలన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన నొక సంగతి తెలియును. ఎక్కడను ఊరిపెద్ద బలికాలేదు. కట్ట కట్టించిన ధనికుడు బలికాలేదు. మన చెరువుకథలలోను స్కదర్ పాటలోను ఇంటికి కడపట వచ్చినది, నోరెత్తి కాదనుటకు తోడెవ్వరు లేనిది, ఆ చిన్నకోడలే దేవత కోరుకొన్న దగుచున్నది. దేవతల రుచి సముద్రములు దాటినను మారకుండుట వింతగా లేదా? కోరినవారు దేవతలు కారనియు, కథ చెప్పినవారి లోకములో ఎవరి ప్రాణము చౌకయో కథ ఆ ప్రాణమునే యెన్నుకొన్న దనియు నాకు తోచును.

ఇక చరిత్రమువంక చూతము. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరు నీటిని నిలిపి 1364లో ఆ చెరువును కట్టించె నని స్థానిక చరిత్రము చెప్పును. దానికి అయిదేండ్ల పిమ్మట, ఆ బుక్కరాయల కాలముననే, ఆయన కుమారుడగు భాస్కరుడు ఉదయగిరి సీమ నేలుచు కడప జిల్లా పోరుమామిళ్ళలో నొక పెద్ద చెరువు కట్టించి, 1369లో సంస్కృత శాసనము వేయించెను. చెరువు కట్టుటకు కావలసిన పండ్రెండు అంగములను ఆ శాసనము వరుసగా లెక్కించినది. ధర్మబుద్ధిగల ప్రభువు, జలశాస్త్ర మెరిగిన విద్వాంసుడు, గట్టి బంకనేల, మూడామడల దూరమునుండి వచ్చు తీయని నీటి నది, కట్టకు ఆనికగా కొండ కొనలు, ఆ కొనల నడుమ పొడుగు తక్కువై దిట్టమైన రాతికట్ట, లోతును వైశాల్యమునుగల గర్భము, నిడుపైన మంచి రాళ్ళ గని, చుట్టును సారవంతమగు పొలములు, పని తెలిసిన కూలివారి గుంపు. ఈ తీరుననే తక్కినవియు. తరువాత ఆరు దోషములను చెప్పినది. కట్టనుండి నీరు చెమర్చుట, చౌటినేల, రెండు రాజ్యముల పొలిమేరయందుండుట, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువగుట, నేల తక్కువై నీరు ఎక్కువగుట. దినమునకు వేయిమంది కూలివారును, నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినగాని ఆ చెరువు ముగియలేదని కూడ వ్రాసినది.

నాటి సాయంకాలము నే నీ పండ్రెండు అంగములను పిల్లల కిద్దరికిని చెప్పితిని. మా యమ్మాయి వ్రేళ్ళు మడచి లెక్కపెట్టుకొనెను. "ఇందులో ఆడుపిల్లను బలియిచ్చుట యేది?" అనెను. లేదు. చెరువు కట్టించినవారికి అది అంగముగా తోపలేదు. చెమర్చుట యను దోషమును ముందు గుర్తించుట చెరువు నిలుపు విద్య. గుర్తింపనినాడు ఎవరినో వెదకి గండిలో నిలుపుట ఆ విద్యను మరచినవారి పని. ఈ రెండును ఒకే కాలపు, ఒకే సీమ మాటలుగా మనకు దక్కినవి. శిలమీద చెక్కిన దానిని మరచి, గాలిలో పలికిన దానిని బిడ్డలకు చెప్పుకొనుచున్నాము.

చెరువు కాపాడుటకు మన పూర్వులు త్యాగముమీద ఆధారపడలేదు. కట్టినవానికిని, బాగుచేయువానికిని దశబంధ మను పేర మాన్యము లిచ్చిరి. నీరుగంటికి మేర పెట్టిరి. కుడిమరామత్తని ఇంటింటివారును పారలు తీసికొని కట్టపనికి పోవుట ఆచారము. ఈ యాచారము సడలినదని 1858లో మదరాసు ప్రభుత్వము దానికై యొక చట్టమే చేసినది. చట్టము వచ్చినను పని తగ్గినది. ఊరి చెరువు సర్కారు చెరువైనది. సర్కారు చెరువు ఎవరిదియు కానిదైనది. చెరువులలో తుమ్మ మొలచినది, పూడిక పెరిగినది, నీరు పారు వంకలలో ఇండ్లు లేచినవి. ఫలము చూడుడు. ఆ పండమేరే 2022 అక్టోబరులో పొంగి అనంతపురములోని పల్లపు కాలనీలను ముంచినది. ఆ నీటిలో వంటపాత్రలను, బియ్యమును, పిల్లల పుస్తకములను నెత్తిన పెట్టుకొని ఎవరు నడచిరో చెప్పనక్కరలేదు. కరువునాడు కడవ మోసిన చేతులే వరదనాడును మూట మోయును.

గృహస్థులైన చదువరులారా, నేను చెరువులను గూర్చియే మాటాడుచున్నానని తలపకుడు. ఇల్లును ఒక చెరువుకట్టయే. దినదినము చిన్న చిన్న బొక్కలు పడుచుండును. నీరు తేవలెను, కాయలు కలియబెట్టవలెను, రోగి దగ్గర రాత్రి మేలుకొనవలెను, పిల్లల లెక్కలు చూడవలెను. ఈ పని అందరును పంచుకొన్న యింటిలో ఎవరును దేవత కావలసిన యవసరము లేదు. పంచుకొనని యింటిలో కోడలొకతె మౌనముగ గండిలో నిలువబడియుండును. ఆమె బ్రతికియున్నంతకాలము ఆమె యున్నట్లే తోపదు; పోయిన పిమ్మట "ఆ యిల్లాలు ఇంటికి దేవత" యని పదిమందిలో చెప్పుదురు. ఆ మాటకంటె, ఆమె యుండగా ఒక బిందె మోయుట మర్యాద. సంస్కరణ మనిన సభలలో తీర్మానములు చేయుట యని కొందరి యభిప్రాయము. మా పల్లెలో నాడు ఆ నాలుగు బిందెల త్రోవ ఏ తీర్మానముకంటెను తక్కువది కాదు. ముగ్గురు మగవారును, ఒక బాలుడును మాత్రమే నడచిన త్రోవయే కావచ్చును. అయినను అది మగవారు నడువరాని త్రోవ కాదని ముప్పదిమంది ఆడుపిల్లల కండ్లయెదుట తేలినది.

మా యత్తగారి మనసు ఒక్క దినములో మారె నని నేను వ్రాయను. ఎనుబదేండ్లు మోసిన భారమును వట్టిదనుట ఆమెకు తన బ్రతుకునే కాదనుటగా నుండును. ఆమె చెలమలో చిప్పతో నీరు ముంచినప్పుడు అందులో ధర్మమే కలదని నమ్మి ముంచిరి. ఆ నమ్మకము లేనిచో అంత నడక నడువలేకపోయెడివారేమో. ఆ కష్టమునకు నేను తల వంచెదను. ఆ కష్టమును నా కూతురికి ఆస్తిగా వ్రాయుటకు మాత్రము ఒప్పుకొనను.

కావున నా విన్నప మొక్కటి. పిల్లలకు ముసలమ్మ కథ చెప్పుట మానవలదు. చెప్పునప్పుడు, ఆ వానకు ముందటి వేసవిలో కట్టమీద ఎవరు నడచిరో, ఎవరు నడువలేదో, పిల్లలచేత అడిగింపుడు. పోరుమామిళ్ళ శాసనములోని పండ్రెండు అంగములను మగపిల్లలకును ఆడుపిల్లలకును కలిపి వల్లింపుడు. మీ యూరి చెరువుకట్టను ఏరువాకకు ముందే పదిమందిని పిలుచుకొని ఒకమారు చూచి రండు. మీ యింటిలో ఏ పని యెవరి నెత్తిమీద నున్నదో అదియు ఒకమారు చూడుడు. వాన వచ్చిన పిమ్మట త్యాగమును వెదకుటకంటె, వాన రాకమునుపు పారను వెదకుట మేలు.